అటక మీద దొరికిన డీపీ రైఫిల్‌ను ఏం చేయాలి? క్యాడెట్ రైఫిళ్లను మన దగ్గర సేకరించవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైన తీరును ముందుగా చెబుతాను. రాజోలు దగ్గర మీ తాతగారి పెంకుటింటిని విప్పిస్తుండగా అటక మీద గోనెసంచిలో చుట్టిన ఒక పాత రైఫిల్, దాని పక్కనే ఒక రేకు పెట్టె దొరికాయి. తాతగారు 1963 నుంచి కొన్నేళ్లపాటు కళాశాలలో చరిత్ర అధ్యాపకులుగా ఉంటూ ఎన్‌సిసి (నేషనల్ క్యాడెట్ కోర్) అధికారిగా కూడా పనిచేశారు. రైఫిల్ బ్యారెల్‌కు వెనుక భాగంలో పక్కగా ఒక రంధ్రం ఉంది, మడమ (భుజానికి ఆనించే చెక్క భాగం) మీద ఇంగ్లీషులో డీపీ (డ్రిల్ పర్పస్, అంటే కవాతుకు మాత్రమే) అన్న రెండక్షరాలు ఉన్నాయి, తూటా గదిని మూసి తెరిచే బోల్ట్ తుప్పు పట్టి కదలడం లేదు. పెట్టెలో ఇత్తడి నూనె బుడ్డి, బ్యారెల్ లోపల లాగి తుడిచే పుల్-త్రూ తాడు, కొన్ని టార్గెట్ కాగితాలు, ఒక గ్రూపు ఫొటో, రెండు చిన్న తూటాలు ఉన్నాయి. రైఫిల్‌ను కిరసనాయిలులో నానబెట్టి, గరుకు కాగితంతో రుద్దించి, చెక్కకు వార్నిష్ వేయించి హాల్లో గోడకు తగిలించాలని అనుకుంటున్నారు. విదేశీ సేకర్తల సలహాలు చదివాక, క్యాడెట్ల శిక్షణకు వాడి తీసేసిన ఇటువంటి రైఫిళ్లను ఇంకా సేకరించాలని ఉందని, అవి మన ప్రాంతంలో ఎక్కడ అమ్ముతారని అడిగారు.

నేను వశిష్ఠ గోదావరి ఒడ్డున ఒక కళాశాలలో 1982 నుంచి 22 ఏళ్లపాటు ఎన్‌సిసి అధికారిగా ఉన్నాను. అంతకుముందు అదే కళాశాలలో క్యాడెట్‌ను. ఈ రైఫిళ్లను లెక్కబెట్టి తీసుకోవడం, తుడిపించడం, లెక్క తప్పకుండా కోత్‌కు (ఆయుధాల గదికి) తిరిగి అప్పజెప్పడం నా ఉద్యోగంలో భాగం కాగా, వాటి మీది ముద్రలను చదివి రాసుకోవడం నాకు నేనుగా పెంచుకున్న అలవాటు. ఆ అనుభవంతో మీకు చెప్పగలిగింది ఇది: మన దేశంలో క్యాడెట్ రైఫిల్ సేకరణ అంటే రైఫిళ్లను పోగేయడం కాదు, ఆ రైఫిళ్ల చుట్టూ మిగిలిన వస్తువులను, కాగితాలను, మనుషుల జ్ఞాపకాలను పోగేయడం. ఈ రెండో పనికి గోదావరి జిల్లాల్లో చేతినిండా సామగ్రి ఉంది, కానీ అది ఏటేటా పొయ్యిలోకీ పాత కాగితాల దుకాణంలోకీ పోతోంది.

ముందు రైఫిల్ సంగతి. ఈ రోజు నుంచి దాన్ని రుద్దవద్దు, నానబెట్టవద్దు, బోల్ట్‌ను సుత్తితో కొట్టి కదిలించే ప్రయత్నం చేయవద్దు. డీపీ ముద్ర, రంధ్రం కనబడుతున్నాయి కాబట్టి అది కాల్చడానికి పనికిరాని డ్రిల్ రైఫిల్ అయి ఉండటానికే అవకాశం ఎక్కువ. అయినా బోల్ట్ తెరిచి లోపల చూడలేని స్థితిలో ఉన్న ఏ తుపాకినైనా తూటా నిండి ఉన్నదానిలాగే భావించాలని మేము మొదటి రోజు నుంచీ క్యాడెట్లకు నేర్పాము. వేడి చేసి తుప్పు వదిలించడం మరీ ప్రమాదం. బ్యారెల్ మూతి మనుషుల వైపు లేకుండా, పిల్లల చేతికి అందకుండా, తాళం వేసిన గదిలో ఉన్నచోటే ఉంచండి. ఇంటికి వచ్చిన మేస్త్రీలు, బంధువులు దానితో ఫొటోలు దిగడాన్ని కూడా ఆపండి.

తరువాత చట్టం. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకి దగ్గర ఉంచుకోవడానికి లైసెన్సు కావాలి. ఇటువంటి రైఫిళ్లది త్రీ నాట్ త్రీ (0.303 అంగుళాల) బోరు, అంటే బ్యారెల్ లోపలి వెడల్పు; అది సైన్యం వాడిన బోరు కాబట్టి దాని మీద మామూలు వేట తుపాకి కంటే కట్టడి ఎక్కువ. అదే చట్టంలోని 45వ సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది: పాతబడిన నమూనావో, పురాతన విలువ ఉన్నవో, చెడిపోయినవో అయి, మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకిగా వాడటానికి వీలులేని ఆయుధాలకు ఈ నిబంధనలు వర్తించవు. చాలామంది ఈ వాక్యాన్ని సగమే చదివి, డీపీ అని ముద్ర ఉంటే చాలు, ఇంట్లో పెట్టుకోవచ్చని చెబుతుంటారు. ఆ మాటను నమ్మి ఇబ్బందుల్లో పడకండి. "మరమ్మతు చేసినా" అన్న మాటలోనే అసలు మెలిక ఉంది; ఫలానా రైఫిల్ మరమ్మతుకు లొంగుతుందో లేదో తేల్చవలసినది ఆయుధాల నిపుణుడు, మీరో నేనో కాదు. మరొక చిక్కు దీనికంటే పెద్దది. ఎన్‌సిసి డ్రిల్ రైఫిల్ ప్రభుత్వ ఆస్తి. కళాశాలకు వాడుకోవడానికి ఇచ్చినదే తప్ప అధికారికి సొంతంగా ఇచ్చినది కాదు. అది మీ తాతగారి అటక మీదికి ఎలా చేరిందో మనకు తెలియదు. బదిలీల హడావిడిలో, గదులు మారేటప్పుడు, వరదకు సామాను ఎత్తిపెట్టేటప్పుడు ఇటువంటివి జరిగేవి. అందులో ఆయన తప్పు ఉందని అనుకోవలసిన పని లేదు. కానీ సంగతి తెలిసిన తరువాత దాచి ఉంచితే అది మీ తప్పు అవుతుంది.

కాబట్టి ఒక న్యాయవాదిని వెంటబెట్టుకొని, దొరికిన తేదీ, చోటు, పరిస్థితి రాసి మీ పోలీసు స్టేషన్‌లో లిఖితపూర్వకంగా తెలియజేయండి. రైఫిల్‌ను మీరే కారులో వేసుకొని ఊళ్లమీదుగా తీసుకువెళ్లవద్దు. వారే వచ్చి తీసుకువెళ్లేలా అడగండి. ఆ రెండు తూటాలను కూడా అదే లేఖలో చేర్చండి. కాల్చేశాక మిగిలే ఖాళీ ఖోకాలైతే (తూటా తొడుగులైతే) వేరు మాట, కానీ మందు ఉన్న తూటా ఒక్కటైనా చట్టం దృష్టిలో మందుగుండే. చట్టబద్ధంగా ఉంచుకునే వీలు లేని ఆయుధాన్ని ఆలస్యం చేయకుండా పోలీసు స్టేషన్‌లోగానీ లైసెన్సు ఉన్న డీలరు దగ్గరగానీ జమ చేయాలని 21వ సెక్షన్ చెబుతుంది. జమ చేసినప్పుడు ముద్రలు, నంబర్లు అన్నీ రాసిన రసీదు తప్పక తీసుకోండి. తాతగారి పేరిట ఏదైనా లైసెన్సు ఉండేదేమో వెతకాలంటే ఇంకో విషయం గుర్తుంచుకోవాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారినప్పుడు రాజోలు అమలాపురం కేంద్రంగా ఏర్పడిన కోనసీమ జిల్లాలోకి వెళ్లింది. అంతకుముందు కాలపు దస్త్రాల కోసం కాకినాడ కలెక్టరేటులోనూ అడగవలసి రావచ్చు. ఎన్‌సిసి బెటాలియన్‌కు కూడా ఒక ప్రతి పంపండి. రైఫిల్ వారిదేనని తేలితే మర్యాదగా అప్పజెప్పి, వీలైతే మీ తాతగారు పనిచేసిన కళాశాల ఎన్‌సిసి గదిలో దాన్ని ప్రదర్శనకు ఉంచమని అదే లేఖలో కోరండి. ఒప్పుకుంటారని మాట ఇవ్వలేను, అడగడంలో మాత్రం తప్పు లేదు.

అప్పజెప్పేలోగా మీరు చేయవలసిన ముఖ్యమైన పని, న్యాయవాది సమక్షంలో, కదిలించకుండానే దాని ఫొటోలు తీసి, కనబడిన ప్రతి ముద్రనూ రాసుకోవడం. రైఫిల్ మీ ఇంట్లో ఉండకపోయినా ఆ రాత మీ దగ్గర ఉంటుంది. గరుకు కాగితం వద్దని నేను అంత గట్టిగా చెప్పడానికి కారణం కూడా ఇదే: క్యాడెట్ రైఫిల్ విలువ దాని మెరుపులో లేదు, దాని మీద ఒకరి తరువాత ఒకరు కొట్టిన ముద్రల్లో ఉంది. అరగంట రుద్దితే అరవై ఏళ్ల చరిత్ర పొడిగా రాలిపోతుంది.

మీరు పంపిన వర్ణనను బట్టి, మూతి దగ్గర మొద్దుగా కనబడే ఇనుప టోపీని బట్టి, అది షార్ట్ లీ ఎన్‌ఫీల్డ్ మార్క్ 3 స్టార్ రైఫిల్ అని అనుకుంటున్నాను. దాని పొడవు 44.5 అంగుళాలు, బ్యారెల్ ఒక్కటే 25 అంగుళాల పైచిలుకు, మ్యాగజీన్‌లో 10 తూటాలు పడతాయి. మడమ మొదలయ్యే చోట, బోల్ట్ పిడికి కింద, చెక్కను పట్టి ఉంచే ఇనుప పట్టా కుడివైపు చూడండి. అక్కడ కిరీటం, దాని కింద జీ ఆర్ ఐ అన్న అక్షరాలు, ఇషాపూర్ అన్న పేరు, సంవత్సరం ఉంటే అది బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో స్వాతంత్ర్యానికి ముందు తయారైనది. ఆ మూడక్షరాలు చక్రవర్తిగా జార్జి రాజు బిరుదుకు పొడి అక్షరాలు. కిరీటం స్థానంలో అశోక సింహాలు, ఆర్ ఎఫ్ ఐ అన్న అక్షరాలు ఉంటే అది 1947 తరువాత అదే ఫ్యాక్టరీలో తయారైనది. దేశం మారినా యంత్రాలు, కొలతలు మారలేదు, ముద్ర ఒక్కటే మారింది. నా చేతిలోకి మొదటిసారి ఆ రెండు రకాలూ ఒకే బ్యారక్ బల్ల మీద పక్కపక్కన వచ్చిన రోజు నేను చాలాసేపు వాటినే చూస్తూ కూర్చున్నాను. ఇంగ్లండులోని ఎన్‌ఫీల్డ్, బీఎస్ఏ, ఆస్ట్రేలియాలోని లిథ్‌గో ఫ్యాక్టరీల పేర్లు ఉన్న రైఫిళ్లు కూడా మన కోత్‌లలో ఉండేవి. బాణం గుర్తు కింద ఐ అన్న అక్షరం ఉంటే అది భారత ప్రభుత్వ సొత్తు అని చెప్పే ముద్ర. బాణాలు రెండు మొనకు మొన ఎదురెదురుగా ఉంటే, బ్రిటిష్ సైన్యం దాన్ని కొలువు నుంచి తీసేసి అమ్మిందని అర్థం.

ఆ తరువాత నంబర్లు. ఈ రకం రైఫిల్‌లో రిసీవర్ (బోల్ట్ కదిలే ఇనుప దిమ్మ), బోల్ట్, బ్యారెల్, గురి చూసే వెనుక సైట్ రేకు, మూతి టోపీ, ముందు చెక్క అన్నింటికీ ఒకే నంబరు వేసేవారు. మీ రైఫిల్‌లో అవి కలవకపోతే నిరుత్సాహపడకండి. కాల్చే రైఫిల్‌కు నంబర్లు కలవకపోవడం లోపమే కానీ, డ్రిల్ రైఫిల్‌కు అది సహజ లక్షణం; అరిగిపోయిన, పరీక్షలో తప్పిన రైఫిళ్ల భాగాలను జోడించి వీటిని తయారు చేసేవారు. ముందు చెక్కకు అడ్డంగా, మ్యాగజీన్‌కు కాస్త ముందు, ఒక మర మేకు తల కనబడితే అది ఇషాపూర్ వారు చెక్క చీలకుండా బిగించినది. ముందు చెక్కంతా రాగి తీగ చుట్టి ఉంటే అది గ్రెనేడ్ విసరడానికి వాడిన రైఫిల్ అన్నమాట. ఇక డీపీ అన్నది డ్రిల్ పర్పస్‌కు పొడి అక్షరాలు. కవాతుకు మాత్రమే వాడాలని, కాల్చరాదని దాని భావం. తూటా కూర్చునే గదికి రంధ్రం వేయడం, తూటాను పేల్చే ఫైరింగ్ పిన్ తీసేయడమో దాని దారి మూసేయడమో చేయడం, చెక్క మీద రంగు పట్టీలు వేయడం ఇందులో భాగాలు. ఆ రంగు పట్టీ వెలిసిపోయి గీతలాగా మిగిలినా దాన్ని గీకవద్దు.

మ్యాగజీన్ కాస్త చదరంగా, పెద్దగా కనబడితే మాత్రం అది వేరే రైఫిల్ అయి ఉండవచ్చు. 1962 యుద్ధం తరువాత ఇషాపూర్‌లోనే ఇదే రూపంతో 7.62 బోరులో 2ఏ, 2ఏ1 రకాలను తయారు చేశారు. వాటి మ్యాగజీన్ 12 తూటాలది. మీ తాతగారి కాలానికి అవి కొత్తవి కాబట్టి అప్పట్లో డ్రిల్‌కు దిగి ఉండవు.

ఆ కాలం గురించి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే మీ పెట్టెలోని కాగితాలకు అర్థం అక్కడే ఉంది. ఎన్‌సిసి 1948లో చట్టం ద్వారా ఏర్పడింది. హృదయనాథ్ కుంజ్రూ అధ్యక్షతన 1946లో వేసిన సంఘం చేసిన సిఫారసు దానికి పునాది. అంతకుముందు 1917 నుంచి విశ్వవిద్యాలయాలలో యూనివర్సిటీ కోర్, తరువాత యూనివర్సిటీ ట్రైనింగ్ కోర్ అన్న పేర్లతో ఇటువంటి శిక్షణ ఉండేది. చైనా యుద్ధం తరువాత 1963లో కళాశాల విద్యార్థులకు ఎన్‌సిసి తప్పనిసరి చేశారు, 1968లో తిరిగి ఐచ్ఛికం చేశారు. మీ తాతగారు సరిగ్గా ఆ ఐదేళ్లలోనే అధికారిగా ఉన్నారు. ఒక్కో కళాశాలలో ఉన్నట్టుండి వందలమంది మైదానంలోకి వచ్చారు. అంతమందికీ రైఫిళ్లు ఎక్కడివి? నా కంటే ముందు తరంవారు నాకు చెప్పిన ప్రకారం, మా దగ్గర స్థానిక వడ్రంగుల చేత కర్ర తుపాకులు చేయించి, సగం ప్లటూన్‌కు డీపీ రైఫిళ్లు, సగానికి కర్రవి ఇచ్చి "బాజూ శస్త్ర్" (రైఫిల్‌ను పక్కన దించి నిలబెట్టడం), "సలామీ శస్త్ర్" (రైఫిల్‌తో వందనం) నేర్పించేవారు. నేను క్యాడెట్‌గా చేరేనాటికి కూడా వాటిలో కొన్ని గది మూలన ఉండేవి. వాటిని మోసేటప్పుడు మాకు కొంత చిన్నతనంగా అనిపించేది. ఈ రోజు వాటిలో ఒక్కటి దొరికినా నేను రెండు చేతులా అందుకుంటాను.

కాల్పుల శిక్షణకు వాడినది వేరే రైఫిల్, పాయింట్ టూటూ, అంటే 0.22 అంగుళాల బోరుది. పెద్ద రైఫిల్ మోత, భుజం మీది దెబ్బ, తూటా ఖర్చు కొత్త కుర్రవాడికి అక్కరలేదు కాబట్టి, 25 గజాల చిన్న రేంజిలో చిన్న తూటాతో గురి నేర్పించే పద్ధతి వచ్చింది. పాత పాయింట్ టూటూలలో చాలావరకు లీ ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లనే మార్చినవి. ఒడ్డూ పొడవూ బరువూ పెద్ద రైఫిల్‌వే, బ్యారెల్ లోపలి దారి మాత్రం చిన్నది. వాటిలో తూటాను ఒక్కొక్కటిగా చేతితో పెట్టాలి, మ్యాగజీన్ పెట్టె ఖాళీ డొల్ల. తరువాత వచ్చిన డీలక్స్ రైఫిల్ తేలికది. మీ పెట్టెలోని టార్గెట్ కాగితాల మీద ఐదు చిల్లులు దగ్గరదగ్గరగా, పక్కన అంగుళాల లెక్క, ఒక సంతకం ఉంటే అవి గ్రూపింగ్ కాగితాలు. ఐదు తూటాలూ ఎంత చిన్న వలయంలో పడ్డాయో కొలిచి రాసేవారు. చిల్లు గుండ్రంగా ఉందో చిరిగిందో చూసి కూడా చాలా చెప్పవచ్చు. కాల్చిన ప్రతి ఖోకానూ ఏరి, లెక్కబెట్టి తిరిగి ఇచ్చిన తరువాతే అల్పాహారం పొట్లం చేతికి వచ్చేది.

ఇక సేకరణ. మీరు చదివిన విదేశీ సలహాలు వారి దేశాలకు సరైనవే. ఆస్ట్రేలియాలో 1911 నుంచి కుర్రవాళ్లకు సైనిక శిక్షణ తప్పనిసరి చేసినప్పుడు వారికోసం బీఎస్ఏ, గ్రీనర్ కంపెనీలు చిన్న మార్టీనీ రైఫిళ్లు చేసి ఇచ్చాయి. పాయింట్ 310 బోరు, రిసీవర్ మీద కంగారూ బొమ్మ, మడమ మీద రాష్ట్రం పేరు. తరువాత వాటిని జనానికి అమ్మేశారు. చాలావాటిని కొన్నవారు వేట తూటాలకు మార్పించుకోవడంతో, మార్చనివి ఇప్పుడు అపురూపమయ్యాయి. స్విట్జర్లాండ్‌లో 1897 నమూనా క్యాడెట్ రైఫిల్ ఉంది, ఒక్కొక్క తూటా పెట్టేది. బ్రిటన్‌లో క్యాడెట్లు నంబర్ 8 అనే పాయింట్ టూటూతో కొన్ని దశాబ్దాలు గురి నేర్చుకున్నారు. జపాన్ పాఠశాలల శిక్షణ రైఫిళ్ల కథ ప్రతి సేకర్తా తెలుసుకోదగినది: చూడటానికి అచ్చం సైనిక రైఫిల్, కానీ లోహం మెత్తనిది, బ్యారెల్‌లో గాడులు లేవు, ఖాళీ తూటా మోతకు తప్ప పనికిరానివి. రూపం చూసి అసలు తూటా పెట్టినవారి చేతుల్లో అవి పగిలిపోయే ప్రమాదం ఉందని అక్కడి సేకర్తలు ఇప్పటికీ హెచ్చరిస్తుంటారు. శిక్షణ రైఫిల్ అన్నది నిజమైన రైఫిల్‌లా కనబడటానికే చేసిన వస్తువు. ఆ పోలిక మీద నమ్మకం పెట్టుకోకూడదు.

ఆ దేశాల్లో ప్రభుత్వం అమ్మింది, ప్రజలు కొన్నారు. మన ప్రభుత్వం తీసేసిన క్యాడెట్ రైఫిళ్లను నాలాంటివారికీ మీలాంటివారికీ అమ్మే పద్ధతి లేదు. కాబట్టి "ఎక్కడ అమ్ముతారు" అన్న ప్రశ్నకు నా జవాబు, ఎవరైనా అమ్ముతామని వస్తే దూరంగా ఉండండి. పాత ఇనుము దుకాణంలో బోల్ట్ ఉంది, బ్యారెల్ ముక్క ఉంది అని ఎవరైనా చెప్పినా కొనవద్దు. విడి భాగాలూ చట్టం పరిధిలోకి వస్తాయి. విదేశంలో ఉన్న బావగారు సూట్‌కేసులో తెచ్చిపెట్టే వస్తువు కూడా కాదు ఇది. దిగుమతికి విడిగా లైసెన్సు ఉంది. 2019 సవరణ తరువాత లైసెన్సు ఉన్నవారు కూడా సాధారణంగా రెండు తుపాకులకు మించి ఉంచుకోలేరు. మన చట్టాన్ని గౌరవిస్తూ తుపాకుల గోడ కట్టడం సాధ్యం కాదు. నేను దాన్ని నష్టంగా భావించను.

అయితే సేకరించవలసినది ఏమిటి? నా ఎంపికలో మొదటిది కర్ర తుపాకి. కాల్చే యంత్రాంగమే లేని చెక్క వస్తువు, అయినా ఒక చారిత్రక అవసరాన్ని మన ఊరి వడ్రంగి తీర్చిన తీరు దానిలో కనబడుతుంది. మా కళాశాలలోవి కొన్ని టేకువి, కొన్ని మామిడి చెక్కవి. ఒకదానికి మడమ అడుగున సైకిల్ రిమ్ముతో చేసిన పట్టీ ఉండేది. కండెమ్ చేసిన (పనికిరాదని తీసేసిన) సామాను వేలంలో ఇవి వంటచెరకు లెక్కన పోతాయి. పాత కళాశాలలను, ఉన్నత పాఠశాలలను అడిగి, వేలం రసీదుతో సహా తీసుకోండి. రసీదు లేని వస్తువు ఎంత మంచిదైనా వదిలేయండి. తెచ్చేటప్పుడు గుడ్డ చుట్టి తెండి, వీధిలో భుజాన వేసుకొని నడవకండి. దూరం నుంచి చూసేవారికి అది కర్ర అని తెలియదు. ఆ తరువాత నూనె బుడ్డులు, పుల్-త్రూలు, వాటికి కట్టి లాగే చిందీ (పేలిక) గుడ్డలు. శుభ్రం చేయడానికి 4 అంగుళాలకు 2 అంగుళాలు, నూనె రాయడానికి 4 అంగుళాలకు ఒకటిన్నర అంగుళం చిందీ కత్తిరించాలన్న కొలత పాత క్యాడెట్లను నిద్రలేపి అడిగినా చెబుతారు. బుడ్డి, పుల్-త్రూ రెండూ రైఫిల్ మడమలోని చిన్న అరలో, ఇత్తడి మూత వెనుక ఉండేవి. క్యాప్ బ్యాడ్జీలు, ఎన్‌సిసి పరీక్షల బీ, సీ సర్టిఫికెట్లు, క్యాంపు గ్రూపు ఫొటోలు, టార్గెట్ కాగితాలు, చేతిరాత పాఠం నోటు పుస్తకాలు కూడా సేకరించదగినవే. కానీ అన్నింటికంటే అరుదైనవి జారీ పుస్తకాలు: ఏ రోజు ఏ నంబరు రైఫిల్‌ను ఏ క్యాడెట్ సంతకం పెట్టి తీసుకున్నాడో రాసిన పొడవాటి రిజిస్టర్లు. అవి కూడా సంస్థ ఆస్తే కాబట్టి అసలును కోరకుండా, అనుమతి తీసుకొని ఫొటోలు తీసుకోండి.

భద్రపరచడం గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే పొడి ప్రాంతాలవారు రాసిన సలహాలు మన డెల్టాలో పనిచేయవు. కాలువల తేమ, వానాకాలం నాలుగు నెలల ముసురు, అంతర్వేది వైపు నుంచి వచ్చే ఉప్పుగాలి కలిసి ఇనుమును, చెక్కను, కాగితాన్ని ఒకేసారి తింటాయి. గోనెసంచి తేమను పీల్చి వస్తువుకు అంటించి ఉంచుతుంది. మీ రైఫిల్ బోల్ట్ పట్టేయడానికి సగం కారణం అదే అయి ఉండాలి. పాలిథిన్‌లో గట్టిగా చుట్టడం కూడా తప్పే, లోపలి తేమ బయటికి పోదు. తోలు పట్టీలను ఇత్తడికి తగిలేలా ఉంచితే ఆ చోట పచ్చటి జిగురు కడుతుంది. కోనసీమ ఇళ్లలో చేతికి మొదట అందేది కొబ్బరినూనె. తలుపు గొళ్లేనికీ అదే, కుట్టుమిషనుకూ అదే. దయచేసి దాన్ని ఈ వస్తువులకు రాయవద్దు. కొన్నాళ్లకు మడ్డి కడుతుంది, అందులోని ఆమ్లం ఇత్తడిని పచ్చబరుస్తుంది. ఇనుప వస్తువులకు పలచని ఖనిజ తైలం గుడ్డతో రాసి, మిగిలింది తుడిచేయాలి. కర్ర తుపాకి చెక్కకు, మరీ ఎండిపోయి ఉంటే, పచ్చి అవిసె నూనె రెండు మూడు చుక్కలు అరచేతితో రుద్ది, వారం ఆరనివ్వాలి. వార్నిష్ మాత్రం వద్దు. నూనె రాసిన గుడ్డలను ముద్దగా మూలన పడేయకండి, అవిసె నూనె గుడ్డలు తమంతట తామే వేడెక్కి అంటుకోగలవు. పరిచి ఆరబెట్టి పారేయండి. ఇత్తడి బుడ్డిని మన అమ్మలు బిందెలు తోమినట్టు చింతపండు పెట్టి తోమితే తళతళలాడుతుంది, కానీ దాని మీది సన్నని అక్షరాలు, ఏళ్ల తరబడి వచ్చిన రంగు రెండూ పోతాయి. మెత్తని గుడ్డతో దుమ్ము తుడిస్తే చాలు.

కాగితాలకు చెద, వెండి పురుగు అసలు శత్రువులు. అటక కంటే, నేల గది కంటే, గోడకు బెత్తెడు ఎడంగా నిలబెట్టిన ఇనుప బీరువా మధ్య అర మేలు. సిలికా జెల్ పొట్లాలు పెట్టి, వానాకాలంలో నెలకొకసారి మార్చండి లేదా వేడి చేసి ఆరబెట్టండి. కలరా ఉండలు వేయవద్దు. వాటి ఆవిరి వల్ల ప్లాస్టిక్ కవర్లు మెత్తబడి ఫొటోలకు అంటుకోవడం నేను చూశాను. వరద మాటనూ మరవకండి. 1986 ఆగస్టు వరదలో మా కళాశాల గదిలోకి నీరు చేరింది. డ్రిల్ రైఫిళ్లు ముందురోజే మేడ మీదికి చేర్చాము, అందుకు ఇప్పటికీ సంతోషిస్తాను. కానీ పాత గ్రూపింగ్ కాగితాలున్న చెక్కపెట్టె బల్ల కింద ఉండిపోయింది. నీరు తీసిన తరువాత తెరిస్తే కాగితాలన్నీ ఒకే ఒండ్రు ముద్దగా ఉన్నాయి. తొందరపడి విప్పబోయి చాలావాటిని నేనే చింపాను. నీడలో, గాలి తగిలేచోట, మధ్యమధ్య పీల్చుడు కాగితం పెట్టి నెమ్మదిగా ఆరబెట్టి ఉంటే సగమైనా దక్కేవి. అప్పటినుంచి ముఖ్యమైన ప్రతి కాగితాన్నీ రెండు చోట్ల ఫొటో తీసి ఉంచుతున్నాను. మీరు మొదటి రోజే ఆ పని చేయండి.

చివరగా ఆ గ్రూపు ఫొటో. ఎన్‌సిసి తప్పనిసరిగా ఉన్న ఆ ఐదేళ్లలో కళాశాలలో ఉన్నవారు ఇప్పుడు ఎనభైకి అటూ ఇటూగా ఉంటారు. రైఫిల్ పోలీసు స్టేషన్‌లో ఉన్నంత మాత్రాన వేచి ఉండకుండా, ఫొటోను పెద్దది చేయించి, రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, రేవు దాటి నరసాపురం వైపు ఉన్న పాత విద్యార్థులకు చూపించండి. ఎవరు ఎవరో, ఎవరి చేతిలోది అసలు రైఫిలో, ఎవరి చేతిలోది కర్రదో వారు చూడగానే చెబుతారు. కర్రదైతే ఏ ఊరి వడ్రంగి చేశాడో కూడా అడగండి. వారు చెప్పిన పేర్లను అసలు ఫొటో వెనుక బాల్‌పెన్నుతో రాయకండి, అచ్చు ముందువైపుకు లేస్తుంది. పలచని కాగితం మీద ఫొటో ఆకారం గీసి, ఒక్కొక్క తలకు ఒక్కొక్క అంకె వేసి, ఆ అంకెలకు ఎదురుగా పేరు, ఊరు, చెప్పినవారి పేరు, తేదీ మెత్తని పెన్సిల్‌తో రాయండి.